టర్కీ కోడికి ఆదివారం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ అపార్ట్‌మెంట్‌లో అడిగినా ఒక బిడ్డో కొడుకో అమెరికాలో ఉన్న ఇళ్లు నాలుగైదన్నా తేలుతాయి. ఆరు నెలలు అక్కడుండి తిరిగొచ్చే అమ్మానాన్నల సూట్‌కేసుల్లో ఇన్నాళ్లూ బాదంపప్పులు, చాక్లెట్లు, మోకాళ్లనొప్పి మాత్రలు వచ్చేవి. ఇప్పుడు కోరికలు కూడా వస్తున్నాయి. మా పై అంతస్తులోని రిటైర్డ్ లెక్చరర్ సార్ డాలస్ నుంచి తెచ్చుకున్న కోరిక, టర్కీ కోడిని ముక్కలు కొట్టకుండా పొగలో వండటం. కొడుకు తెల్లవారకముందే లేచి, పెరట్లో పొయ్యి రాజేసి, మధ్యాహ్నం దాకా దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. ఇక్కడున్నన్నాళ్లూ మంచినీళ్లు కూడా చేతికి అందిస్తే తాగిన పిల్లాడు ఒక కోడి కోసం అంతసేపు కూర్చున్నాడంటే అందులో ఏదో విశేషం ఉండాలని సార్ అనుమానం.

ఆ పక్షి మన దేశానికి నిన్నగాక మొన్న వచ్చిందేం కాదు. మెక్సికో వైపు మచ్చికైన టర్కీని పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు యూరప్‌కు పట్టుకుపోయారు. 1612లో ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి మొఘల్ కొలువుకు తెచ్చిన వింత జంతువుల్లో ఒక టర్కీ ఉంది. దాని తలా మెడా రంగులు మార్చే తీరు చూసి జహంగీర్ పాదుషా మురిసిపోయి తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు, మన్సూర్ అనే చిత్రకారుడి చేత బొమ్మ వేయించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పాదుషాకు చూడటంతో కడుపు నిండింది. మాకు అలా కాదు.

హైదరాబాదులో టర్కీని చూడాలంటే చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్‌కు పోవాలి. బాతులు, గిన్నికోళ్ల పక్కన బోనుల్లో ఉంటాయి. కొనాలంటే అంతదూరం అక్కర్లేదు. మన వైపు నాటుకోడి షాపుల్లో ముందు చెప్పి పెడితే ఫారం నుంచి తెప్పిస్తారు. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియ రకాలకు పేరు పడింది కానీ, టర్కీ రకాల పని జరిగింది బరేలీ దగ్గరి ఇజ్జత్‌నగర్‌లో, చెన్నై నందనంలో. పెట్టనే అడగాలి. పుంజు ఏడెనిమిది కిలోలు తూగుతుంది, ఒక పట్టాన ఉడకదు. అయిదు కిలోల పెట్ట అయితే శుభ్రం చేశాక మూడున్నర పైన మిగులుతుంది. ఇద్దరు ముసలివాళ్లున్న ఇంటికి అదే ఎక్కువ.

షాపులో అసలు ఇబ్బంది కత్తితో. మన చికెన్ షాపువాళ్ల చేయి కోడి మెడ తెగగానే తోలు లాగడానికి, ఆ వెంటనే మొద్దు మీద ముక్కలు కొట్టడానికి అలవాటు పడిపోయింది. ఈక పీకే మిషన్‌లో టర్కీ పట్టలేదు. మా షాపతను వేడినీళ్లలో ముంచి చేత్తోనే పీకాడు. తర్వాత గ్యాస్ బర్నర్ వెలిగించి, పసుపు రాసి, మిగిలిన నూగు కాల్చాడు. ఇంతవరకు బాగుంది. మరుక్షణం కత్తి లేచింది.

“ముక్కలు ఎంత సైజు కొట్టాలె సార్? కూరకా, బిర్యానీకా?”

“కొట్టకు. తోలుతోటి పూరా ఉంచు.”

“పూరానా? గిన్నెల ఎట్ల పడ్తది?”

“గిన్నెల కాదు. పొగ పెడ్తం.”

అతను కత్తి కింద పెట్టి, సార్‌ను ఎగాదిగా చూసి, “పొగ పెట్టాల్నంటే ఇంటికాడ పామో ఎలుకో ఉండాలె గదా” అన్నాడు. అయినా ఒక మంచిపని చేసిపెట్టాడు. టర్కీ పిక్కల్లో నరాలు వయసు మీద ఎముకల్లా గట్టిపడతాయి, ఎంత ఉడికినా పంటికి పుల్లల్లా తగులుతాయి. పాదాలు విరిచేటప్పుడు పటకారుతో ఆ నరాల్ని ఒక్కొక్కటే లాగేశాడు.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. టర్కీ మాంసానికి సొంత రుచి తక్కువ. కొవ్వూ తక్కువే, రొమ్ము భాగం ఏ కాస్త ఎక్కువ వేడి తగిలినా పీచుగా ఎండిపోతుంది. నాటుకోడి ముందు అది నిలబడదు. దాన్ని తినదగ్గదిగా చేసేవి రెండే, ఉప్పునీళ్లూ పొగా. లీటరు నీళ్లకు 50 నుంచి 60 గ్రాముల దొడ్డుప్పు, కొంచెం బెల్లం, మిరియాలు, బిర్యానీ ఆకు వేసి మరగబెట్టి, పూర్తిగా చల్లార్చి, అందులో కోడిని రాత్రంతా నానబెట్టాలి. ఉప్పు కండలోకి దిగి మాంసకృత్తుల పట్టు సడలిస్తుంది. పొయ్యి మీద ఆ కండ నీటిని అంత త్వరగా వదులుకోదు. నానినంతసేపూ నాలుగు డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. అంటే ఫ్రిజ్ కావాలి.

ఫ్రిజ్ పెద్దమ్మది. సార్ భార్యను మేమంతా పెద్దమ్మ అనే పిలుస్తాం. అందులో దోసె పిండి, పాలు, పూజకు తెచ్చిన బంతిపూలు ఉన్నాయి. “దేవుడి పూల పక్కన మీ కోడిని పెడతానా?” అంది. న్యాయమైన మాట. చివరికి చేపల మార్కెట్ నుంచి థర్మాకోల్ పెట్టె వచ్చింది. దళసరి ప్లాస్టిక్ సంచిలో కోడినీ ఉప్పునీళ్లనూ పోసి మూతి కట్టి, చుట్టూ ఐసు గడ్డలు నింపాం. ఐసు కరిగినా సంచి బయటే కరుగుతుంది, ఉప్పు పలచన కాదు. మధ్య రాత్రి ఒకసారి లేచి ఐసు మార్చితే చాలు.

పొయ్యి కథ పెద్దది. డాలస్ వాళ్ల స్మోకర్ ఇక్కడ దొరికినా దాని ధరకు నాలుగు టర్కీ జాతరలు చేయొచ్చు. వెల్డింగ్ షాపులో ఇనప డ్రమ్ము కోయించి, కింద గాలికి తలుపు, పైన పొగకు గొట్టం, మధ్యలో జల్లెడ పెట్టించాం. రంగులు, కెమికల్స్ పోసిన డ్రమ్ము పనికిరాదు. జింకు పూత రేకు అసలే వద్దు, వేడెక్కితే విషపు పొగ వదులుతుంది. బొగ్గులు మాత్రం ఇస్త్రీ బండివాళ్లు కొనే అంగట్లోనే కొన్నాం. మన దగ్గర బొగ్గు చాలావరకు సర్కారు తుమ్మ కట్టెది. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఈ దేశానికి తెచ్చిన ఆ ముళ్లచెట్టు, టెక్సాస్‌లో మాంసం కాల్చడానికి కళ్లకద్దుకునే మెస్కీట్‌కు స్వయానా అన్నదమ్ముల వరస. చౌటుప్పల్ దాటి హైవే వెంట ఎక్కడ చూసినా అదే. ఎవరూ నాటకుండానే పెరిగి, అందరి తిట్లూ తినే చెట్టు. ఈ సంగతి చెబితే సార్ డాలస్‌కు ఫోన్ చేసి, “మీరు ఆన్‌లైన్ల కొనే కట్టె మన ఊర్ల చెరువుగట్టు మీద ఉన్నదిరా” అని కొడుకును కాసేపు ఉడికించారు.

పొగ కోసం వేరే కట్టె కావాలి. వేపకట్టె పొగ చేదు. ఫర్నిచర్ షాపు చెక్కపొట్టులో జిగురు ఉంటుంది, దాని జోలికి పోకూడదు. కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో ఏ కట్టె కావాలన్నా అడిగితే చెప్పేవాళ్లుండేవారు; ఆ మార్కెట్ బాటసింగారం పోయింది, ఆ జాగాలో ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన చేశారు. మాకు వనస్థలిపురంలో ఒకరి ఇంటి ముందు నరికేసిన జామచెట్టు కొమ్మలు దొరికాయి, బాగా ఎండినవి. నిప్పుల మీద రెండు ముక్కలు వేయగానే ముందు పొగ తెల్లగా, దట్టంగా లేస్తుంది. ఆ పొగ తగిలితే మాంసం తారు చేదు పట్టేస్తుంది. కాసేపు ఓపిక పడితే పల్చబడి నీలిరంగుకు తిరుగుతుంది, అప్పుడు పెట్టాలి కోడిని. కట్టెలోని లిగ్నిన్ వేడికి విడిపోయి గ్వాయకాల్, సిరింగాల్ లాంటివి పుడతాయి, మనం పొగ వాసన అని పీల్చేది చాలామటుకు వాటినే. హలీం బట్టీ దగ్గరా, మందీ గుంట దగ్గరా మన ముక్కుకు తెలిసిన వాసనే. గిన్నెలో కణకణలాడే బొగ్గు పెట్టి నెయ్యి చుక్క వేసి మూతపెట్టే ధుంగార్ కూడా దీని చుట్టమే, కాకపోతే అయిదు నిమిషాల చుట్టం.

నిప్పులు ఒక పక్కన, కోడి ఇంకో పక్కన, మధ్యలో నీళ్ల పళ్లెం. డ్రమ్ములో వేడి 120 డిగ్రీల దగ్గర నిలవాలి, నాలుగైదు గంటలు. థర్మామీటర్ ముల్లు 150కి ఎగబాకుతుంటే సార్ పుస్తకాల మనిషి కదా, గాలి తలుపు ఎన్ని అంగుళాలు మూయాలని లెక్కలు మొదలుపెట్టారు. పెద్దమ్మ పుట్టింది నల్గొండ జిల్లా పల్లెలో, కట్టెల పొయ్యి ముందు. ఒక పుల్లతో నిప్పుల్ని ఇటు నాలుగు, అటు నాలుగు ఎగదోసి, సగం బొగ్గుల మీద బూడిద కప్పింది. ముల్లు దిగింది. ఆ తర్వాత ఎవరు మూత ఎత్తబోయినా చేతి మీద ఒకటి వేసింది. మూత ఎత్తిన ప్రతిసారీ కూడగట్టిన వేడి పోతుంది, వంట అంతకంత వెనక్కి జరుగుతుంది. ఉడికిందా లేదా అని గడియకోసారి చూసుకునే మన అలవాటుకు ఇదొక శిక్ష.

ఇవన్నీ తట్టుకోవచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లో టర్కీకి అసలు అడ్డం పంచాంగం. అమెరికాలో టర్కీ వండే థాంక్స్‌గివింగ్ పండుగ నవంబరు నాలుగో గురువారం. 1863లో లింకన్ పిలుపుతో ఏటేటా జరిగే జాతీయ పండుగైంది, 1941లో ఆ గురువారాన్నే చట్టంగా రాసుకున్నారు. ఇక్కడ గురువారమంటే సాయిబాబా వారం. గుడి దగ్గర ఆ రోజు సాయంత్రం కాలు పెట్టే సందుండదు, మా అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్లలో గుడ్డు కూడా పగలదు. పోనీ శుక్రవారం అంటే లక్ష్మీదేవి, శనివారం అంటే వెంకన్న. పైగా నవంబరంటే చాలా ఏళ్లు కార్తీకమాసమే. అది దాటితే రెండో అంతస్తులో ఇద్దరు అయ్యప్ప మాల వేసుకుని ఉన్నారు. వాళ్ల గుమ్మం ముందు నుంచి పచ్చి మాంసం మోసుకుపోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? అందుకే కార్తీకం పోయాక వచ్చిన ఒక ఆదివారం, లిఫ్టు వదిలేసి వెనక మెట్ల మీదుగా కోడి మేడెక్కింది. వడియాలు ఆరబెట్టుకునేవాళ్లకు, బట్టలు ఆరేసేవాళ్లకు ముందురోజే కబురు పెట్టాం. వంటకన్నా ఈ కబుర్లకే ఎక్కువ శ్రమ పట్టింది.

మేడ మీద సింటెక్స్ ట్యాంకు నీడలో కూర్చుంటే అటు విక్టోరియా మెమోరియల్ స్టేషన్ వైపు పోయే మెట్రో కనిపిస్తుంది. పక్క బిల్డింగు పిల్లల హాస్టలు, గ్రూప్స్‌కూ డీఎస్సీకీ చదువుకునేవాళ్లు. ఆదివారం కూడా పుస్తకాలతో మేడెక్కినవాళ్లు పొగ వాసనకు ఒక్కొక్కరే పిట్టగోడ దగ్గరికి చేరారు. “అంకుల్, ఏం వండుతున్నరు?” దగ్గర మొదలై, మధ్యాహ్నానికి టర్కీ దేశానికీ టర్కీ కోడికీ సంబంధమేమిటనే కరెంట్ అఫైర్స్ చర్చ దాకా పోయింది.

కోయగానే గొడవ. తొడ దగ్గర మాంసం లేత గులాబీ రంగులో ఉంది. “పచ్చిగుంది, కుక్కర్‌లో వేద్దాం” అని నలుగురూ ఒకే మాట. మన కళ్లకు ఉడికిన కోడంటే తెల్లగా ఉండాలి. కానీ ఈ గులాబీ వేరు. పొగలోని నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ మాంసంలోని మయోగ్లోబిన్‌ను పట్టుకుంటే ఆ రంగు ఎంత ఉడికినా పోదు. తీర్పు చెప్పాల్సింది థర్మామీటరే. తొడలో లోతుగా, ఎముకకు తగలకుండా గుచ్చితే 74 డిగ్రీలు దాటి చూపించింది. రొమ్ములోనూ అంతే. కుక్కర్ ఆలోచన విరమించారు.

పంపకం దగ్గర ఇంకో చిక్కు. మన ఇళ్లలో లెగ్ పీస్ అల్లుడిది, కార్జం చిన్నపిల్లలది, కందనకాయ ఇంటి యజమానిది. రాసుకోని చట్టం. అల్లుడు న్యూజెర్సీలో, మనవలు డాలస్‌లో. పళ్లెంలో రెండు పెద్ద కాళ్లు ఎవరివీ కాకుండా ఉండిపోయాయి. పెద్దమ్మ కొంచెంసేపు చూసి, పిట్టగోడ వైపు తిరిగి, “పిలగాండ్లూ, పళ్లేలు తెచ్చుకోండ్రి” అంది. బగారా అన్నం, పెరుగు పచ్చడి ముందే సిద్ధంగా ఉన్నాయి. అమెరికావాళ్లు దీనికి క్రాన్‌బెర్రీ పులుసు నంజుకుంటారు. మాకు ఉసిరికాయ పచ్చడి ఉంది. నిజం చెప్పాలంటే ఆ పూట అందరూ రెండోసారి అడిగింది దాన్నే. రొమ్ము ముక్కలు మెత్తగానే వచ్చాయి, పొగ రుచి పైపైనే ఉంది. తొడ మాత్రం వేరే లెక్క, ఉప్పూ పొగా కొవ్వూ ఒకచోట కలిశాయి. తోలు బాగా సాగింది, నమలడం కష్టం. తక్కువ వేడిలో వండితే అంతే, కరకరలాడే తోలు కావాలనుకునేవాళ్లు చివరి అరగంట నిప్పులు పెంచుకోవాలి.

ఎముకలు మిగిలాయి. వాటిని పారేసేవాళ్లకు ఈ వంట చేసే అర్హత లేదు. మరునాడు సోమవారం, శివుడు. మంగళవారం ఆంజనేయుడు. ఎముకలు కవర్లో చుట్టుకుని మా ఇంటి ఫ్రీజర్‌లోనే ఉన్నాయి, పెద్దమ్మ ఫ్రిజ్‌లోకి ఇంకా ప్రవేశం రాలేదు. బుధవారం పొద్దున అవి ఆమె వంటింటికి చేరాయి. ఉల్లిపాయ, అల్లం, దంచిన మిరియాలు వేసి అరగంట మరిగిస్తే చాలు, అంతకు మించితే పొగ చేదు నీళ్లలోకి దిగుతుంది. వడగట్టి, పల్చటి చింతపండు రసం కలిపి, ఎండుమిర్చి, జీలకర్ర తాలింపు పెట్టింది. హాస్టలు నుంచి ఇద్దరు స్టీలు క్యారియర్లతో వచ్చారు. ఒకడికి మర్నాడు మాక్ టెస్టు ఉందట, వాడికి రెండు గరిటెలు ఎక్కువ పోసింది.