ఎర్ర చారల కారు

వదినగారూ, ఆ చేట కాస్త పక్కన పెట్టండి, కందిపప్పెక్కడికీ పారిపోదు. మీ గేటు ముందు కారు చూసినప్పట్నించీ కడుపుబ్బిపోతోంది నాకు. తెల్లకారు మీద బానెట్టు నుంచి డిక్కీ దాకా రెండు ఎర్ర చారలా! అన్నయ్యగారికి ఈ వయసులో ఈ సరదా ఎక్కడ పట్టుకుందండీ? నవ్వకండి, బాలేదని నేనన్నానా? ఆటోనగర్లో వేయించారటగా. లారీల మీద పులిబొమ్మలు అంటించే చేతులు కదా వాళ్ళవి, గీత వంకర పోలేదు. ఇందాక పాలప్యాకెట్టుకి వచ్చినప్పుడు వంగి మరీ చూశాను.

కానీ నిన్న సాయంత్రం అంటించిన స్టిక్కరు మీద ఇవాళ పొద్దున్నే పైపు పెట్టి కొట్టేస్తున్నారేవిటండీ ఆయన? దాని వెనకుండే జిగురు ఒత్తితే అంటుకునే రకం. అంటుకోవడమైతే వెంటనే అంటుకుంటుంది గానీ గట్టిగా పట్టుకోడానికి ఒకటి రెండ్రోజులు పడుతుంది. కొన్నాళ్ళు నీళ్ళ జోలికి పోకండి. దుమ్ము పడితే పడనివ్వండి, మన వీధిలో దుమ్ము లేని కారెవరిదని!

దాని ప్రాణమంతా అంచుల్లో ఉంటుంది. వాటర్ సర్వీసింగు కుర్రాళ్ళున్నారే, ఆ గన్ను తెచ్చి సరిగ్గా అంచు మీదే పెడతారు. నీళ్ళు కిందికి దూరాయా, అంచు లేస్తుంది, లేచిన చోట మన్ను చేరుతుంది, ఇక మీరెంత ఒత్తినా అంటుకోదు. పక్కనే నిలబడి, గన్ను దూరంగా పట్టుకోమనండి, నీళ్ళు అంచుకి ఎదురుగా పోకుండా చూడండి. లేచిందని ఫెవిక్విక్ మాత్రం పొయ్యకండి, అది గట్టిపడి కింద రంగునీ పట్టుకుంటుంది. లేచిన ముక్క వరకూ కత్తిరించి మూల గుండ్రంగా చేయించండి. కోసుగా ఉన్న మూలే ముందు లేస్తుంది.

మా ఎదురింటాయన్ని చూస్తున్నారుగా? రిటైరయ్యాక కారే ఆయనకి సంతానం. రాత్రి గేటు తాళం వేస్తూ దాని బానెట్టు మీద రెండుసార్లు తడతాడు. పడుకోమనో ఏమో! 2012లో సుప్రీంకోర్టు అద్దాలకి నల్ల ఫిల్ములు వద్దంటే, పీకించేటప్పుడు ఏడ్చినంత పని చేశాడు. ఆయన కారు మీద మెరుపు లేని నల్ల చారలు ఉండేవి, ఎంత బావుండేవో. రోజూ పొద్దున్నే పాత బనియనుతో పొడిగా తుడుస్తాడు. దుమ్ము మీద పొడిగుడ్డ రుద్దితే ఆ దుమ్మే గీరేస్తుందా లేదా? చాలదన్నట్టు పాలిషు పెట్టి తోమాడు. ఇప్పుడా చారల్లో సగం మెరుస్తోంది, సగం మెరవట్లేదు. మెరుపు లేని రకానికి పాలిషు పనికిరాదండీ. తారు మరక పడిందని పెట్రోలుతో తుడవడం ఇంకో ఘనకార్యం. పెట్రోలూ థిన్నరూ స్టిక్కరులోని వినైల్‌ని మెత్తబరిచి కింద జిగురుని కరిగిస్తాయి. షాంపూ నీళ్ళు, మెత్తటి గుడ్డ, అంచు మీద చెయ్యి తేలిగ్గా. ఇంతకన్నా ఏం అక్కర్లేదు దానికి. వాళ్ళావిడ పాపం, "మా ఇంట్లో బనియన్లన్నీ కారుకే" అని వాపోతుంటుంది.

ఎండ సంగతి మనకి కొత్తా? రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, ఈ ప్లాస్టిక్ ఎంత! మెత్తగా ఉండడానికి అందులో కలిపిన పదార్థం వేడికి మెల్లగా పోతుంది, అప్పుడు స్టిక్కరు పెళుసెక్కి పెచ్చులు లేస్తుంది. అందులోనూ బానెట్టు, టాపు మీదవి ముందు పాడవుతాయి, తలుపుల మీదవి ఇంకాస్త నిలుస్తాయి. ఈ ఫిల్ముల్లో రెండు రకాలున్నాయట. ఒకటి దోసె పోసినట్టు పోసి ఆరబెట్టింది, రెండోది పూరీ వత్తినట్టు రోలర్లతో వత్తింది. వత్తిన పూరీ వెనక్కి ముడుచుకోదూ? అదీ అంతే, ఎండకి అంచుల దగ్గర లోపలికి లాక్కుంటుంది. పోసిన రకం పల్చగా ఉన్నా ఎక్కువ కాలం ఉంటుంది, ఖరీదూ ఎక్కువే.

నీడ కదా అని మా వేపచెట్టు కింద పెట్టుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదు గానీ కాకుల్ని నేను ఆపలేను. రెట్ట పడితే గోకకండి, తడిగుడ్డ కాసేపు కప్పి ఉంచితే నాని వచ్చేస్తుంది. రెండ్రోజులు వదిలేస్తే మాత్రం మచ్చే. దుమ్ము కారు మీద కవరు కప్పినా గాలికి అది రుద్దుకుంటూనే ఉంటుంది.

దసరాకి పూజ చేయిస్తారుగా? పసుపు మరకైతే ఎండకి వెలిసిపోతుంది, కుంకుమే ఓ పట్టాన వదలదు. బొట్టు అద్దం మీద పెట్టించండి, దుర్గమ్మేం అనుకోదు.

ఎప్పుడైనా ఈ చారల మీద విసుగు పుడితే బ్లేడు పెట్టి గీకకండి, పెయింటు పోతుంది. హెయిర్ డ్రైయరుతో వెచ్చబెట్టి, వెనక్కి మడిచి మెల్లగా లాగితే ఊడొస్తుంది. మిగిలిన జిగురుకి కాస్త కొబ్బరినూనె రాసి సబ్బునీళ్ళతో కడిగితే సరి. అయితే ఏళ్ళతరబడి ఉంచితే ఇంకో చిక్కుంది. చుట్టూ రంగు వెలిసిపోతుంది, స్టిక్కరు కింద కొత్తగానే ఉంటుంది. మా ఆడపడుచు వాళ్ళు కారు అమ్మేటప్పుడు వెనకద్దం కింద అంటించిన పిల్లాడి పేరు పీకేశారు. అక్షరాలు మాత్రం అలాగే కనిపిస్తున్నాయి. కొన్నాయనకి ఇద్దరూ ఆడపిల్లలే, చూసినవాళ్ళంతా "మీ అబ్బాయేం చేస్తున్నాడండీ" అని అడుగుతారట. ఆయన కూడా విసుగెత్తి, ఇంజినీరింగు చదువుతున్నాడని చెప్పేస్తున్నాడట!

అన్నట్టు, అన్నయ్యగారు ఇదే ఊపులో కారంతా ఎర్ర ఫిల్ము చుట్టించేస్తానంటే ఆపండి. రంగు మారితే ఆర్సీలో కూడా మార్పించుకోవాలి. ఆ తిరుగుడు ఆయన వల్ల కాదు, మిమ్మల్నే పంపిస్తారు.

ఇంతకీ ఎంత పుచ్చుకున్నాడు? దోసె రకమా, పూరీ రకమా అని అడిగారా, లేక అడిగినంతా చేతిలో పెట్టి వచ్చేశారా? ఆ బిల్లిలా తెండి, చూస్తాను.