మూడు నిమిషాల్లో విచ్చుకోవాలి

బాచుపల్లి దాటాక రోడ్డుకు రెండు పక్కలా మందుల కంపెనీల ప్రహరీలే. వాటిలో ఒకదాని ఫార్ములేషన్ ల్యాబ్ చూడటానికి వెళ్ళిన రోజు గేటు దగ్గరే నా ఫోను, ఉంగరం, గడియారం తీసిపెట్టించారు. టోపీ, తెల్లకోటు, చెప్పుల మీద తొడుగులు వేసుకున్నాకే లోపలికి అడుగు పడింది.

సీనియర్ సైంటిస్టు మేడమ్ ముందుగా ఒక చిన్న గాజు సీసా చూపించారు. అడుగున చిటికెడు తెల్లపొడి.

"అసలు మందు ఇంతేనండీ. మిగతాదంతా దీన్ని ఒంట్లోకి చేర్చే సరంజామా."

ఆ సరంజామాలో ప్రతిదానికీ ఒక పని ఉంది. లాక్టోజ్ బిళ్ళకు పరిమాణాన్నిస్తుంది. సెల్యులోజ్ పొడి గట్టిదనాన్నిస్తుంది. మెగ్నీషియం స్టియరేట్ పొడి అచ్చుకు అంటుకోకుండా కాపాడుతుంది. కానీ దాన్ని అవసరానికి మించి కలిపితే బిళ్ళలోకి నీరు చొరబడదు, మందు ఆలస్యంగా కరుగుతుంది. కలిపే సమయాన్ని కూడా నిమిషాల లెక్కన రాసుకునేది అందుకే.

పక్క గదిలో డిసొల్యూషన్ యంత్రం తిరుగుతోంది. వరసగా గాజు పాత్రలు, ఒక్కోదానిలో 900 మిల్లీలీటర్ల ద్రవం, ఒంటి వేడికి సమానంగా 37 డిగ్రీలు. చిన్న తెడ్లు నిమిషానికి 50 చుట్లు తిరుగుతుంటే, ఎంతసేపటికి ఎంత మందు కరిగిందో కుర్రాళ్ళు నమూనాలు తీసి చూస్తున్నారు. నీటిలో కరగడాన్ని, పేగు గోడ దాటడాన్ని బట్టి మందులను నాలుగు తరగతులుగా విడదీసే పద్ధతిని గోర్డన్ అమిడాన్ బృందం 1995లో ప్రతిపాదించింది. గోడ దాటగలిగినా నీటిలో సరిగా కరగనివి రెండో తరగతి. ఈ ల్యాబ్‌లో ఎక్కువ కాలం తినేసేది ఆ తరగతేనని మేడమ్ చెప్పారు.

కరగకపోతే ఏమవుతుందో హెచ్‌ఐవీ మందు రిటోనవిర్ చూపించింది. ఆ క్యాప్సూల్ 1996లో వచ్చింది. రెండేళ్ళకు ఫ్యాక్టరీలో అదే మందు మరో రకం స్ఫటికంగా గట్టిపడసాగింది. అణువు మారలేదు, అణువుల పేర్పు మారిందంతే. కరిగే గుణం పడిపోవడంతో అబాట్ కంపెనీ క్యాప్సూళ్ళను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. తర్వాత మందును పాలిమర్‌తో కలిపి, వేడిచేసి, సన్నని రంధ్రం గుండా నెట్టే పద్ధతి అక్కరకొచ్చింది. ఆ దారిన 2005లో వచ్చిన లోపినవిర్-రిటోనవిర్ బిళ్ళకు ఫ్రిజ్ అవసరం లేకపోయింది. కరెంటు నిలకడగా ఉండని ఊళ్ళలో మందు వాడే వాళ్ళకు అది ఎంత మేలో వేరే చెప్పాలా? అలాంటి యంత్రం ఈ ల్యాబ్‌లోనూ ఉంది. నాకు మాత్రం మా ఇంటి జంతికల గొట్టమే గుర్తొచ్చింది.

ఇప్పుడు పరిశ్రమ చూపు ఇలాంటి మెరుగులవైపు గట్టిగా తిరిగింది. అప్పటిదాకా సూదితోనే ఇచ్చిన మధుమేహం మందు సెమాగ్లూటైడ్‌ను 2019లో బిళ్ళగా తేగలిగారు. శోషణకు తోడ్పడే ఒక పదార్థాన్ని 300 మిల్లీగ్రాములు కలిపినా, మందులో నూటికి ఒక వంతు కూడా రక్తంలోకి చేరదు. అయినా సూది తప్పింది. 2015లో అమెరికా అనుమతించిన మూర్ఛ మందు స్ప్రిటామ్‌ను త్రీడీ ప్రింటింగ్‌తో తయారుచేస్తారు. గుక్కెడు నీటికే అది నోట్లో విచ్చుకుంటుంది.

సరంజామా అంటే తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ మందును డైఎథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి అమ్మితే వందమందికి పైగా చనిపోయారు. చంపింది మందు కాదు, దాన్ని కరిగించిన ద్రవం. 2022లో గాంబియాలో దొరికిన, మన దేశంలో తయారైన పిల్లల సిరప్‌లలో అదే విషం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. తూకం గదిలో ప్రతి డబ్బాకూ పరీక్ష రిపోర్టు ఎందుకు అడుగుతారో అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

చివరి బల్ల పిల్లల మందులది. టీబీ సోకిన పిల్లలకు ఒకప్పుడు పెద్దల బిళ్ళలే విరిచి, నూరి ఇచ్చేవారు. చేదు, పైగా మోతాదు ఎంత పడిందో తెలియదు. 2015 చివర్లో రిఫాంపిసిన్ 75, ఐసోనియాజిడ్ 50, పైరజినమైడ్ 150 మిల్లీగ్రాములు కలిపిన, నీళ్ళలో వేస్తే విచ్చుకునే పండు రుచి బిళ్ళ వచ్చింది.

ఇక్కడివాళ్ళు పిల్లల కోసమే మరో మందుకు అలాంటి బిళ్ళ చేస్తున్నారు. మేడమ్ ఒకటి గ్లాసులో వేసి స్టాప్‌వాచ్ నొక్కారు. ఇలాంటి బిళ్ళ మూడు నిమిషాల్లోపు విచ్చుకోవాలన్నది ఫార్మకోపియా నియమం. అంచులు రాలాయి. నడుమ గింజంత ముద్ద మాత్రం అలాగే ఉంది. మూడు నిమిషాల పది సెకన్లు.

"బ్లెండింగ్ ఎంతసేపు చేశారమ్మా?" అంటూ పక్కనున్న అమ్మాయి రిజిస్టర్ తెరిపించారు. మర్నాటి ట్రయల్‌కు రెండు నిమిషాలు తగ్గించమని రాయించారు.