పదమూడో తేదీ బగ్

2020 జులై 13. రాత్రి పదకొండు దాటింది. కళ్యాణదుర్గం దగ్గర మా ఊర్లో, మిద్దె మీద వాటర్ ట్యాంక్ పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నా. లాక్‌డౌన్‌లో బెంగళూరు రూమ్ ఖాళీ చేసి వచ్చేశాక అదే నా ఆఫీసు. ఇంట్లో సిగ్నల్ ఒక గీత, ట్యాంక్ పక్కన మూడు.

మా క్లయింట్ ఒక ఇన్సూరెన్స్ కంపెనీ. వాళ్ల బ్రాంచీల్లో ఒక సాఫ్ట్‌వేర్, క్లెయిములు చూసేదానికి ఇంకొకటి, డబ్బు పంపేదానికి వేరొకటి. ఒకదాని భాష ఇంకొకదానికి రాదు. మధ్యలో ఉండి అందరి మెసేజ్‌లూ తీసుకుని, ఎవరికి కావాల్సిన రూపంలోకి మార్చి వాళ్లకు అందించేదే ఎంటర్‌ప్రైజ్ సర్వీస్ బస్. పేరు బస్ గానీ, నన్నడిగితే అది బస్టాండు. మేం వాడింది ఐబీఎం ఇంటిగ్రేషన్ బస్.

ఆ నెల మొదట్లో బ్రాంచీల సాఫ్ట్‌వేర్ మారింది. పాతది తేదీలో నెల ముందు రాసేది, కొత్తది రోజు ముందు రాస్తుంది. మాకెవరూ చెప్పలేదు. 12వ తేదీ దాకా ఒక్క ఎర్రర్ రాలేదు. జులై 5 అనుకుని వాళ్లు 05/07 పంపితే, మా బస్ దాన్ని మే 7గా చదువుకుని హాయిగా ముందుకు తోసేసింది. 13/07 వచ్చాకే ఇరుక్కుంది. పదమూడో నెల లేదు కదా!

మార్చాల్సింది ఒక్క లైన్. మార్చా. నా ల్యాప్‌టాప్‌లోనే బార్ ఫైల్ కట్టా. అంటే ఫ్లోలూ కోడూ కలిపి సర్వర్ మీదికి ఎక్కించే ఒక జిప్ లాంటి మూట. ఎక్కించా. ఆగిన మెసేజ్‌లు కదిలాయి. గిట్‌లో కమిట్ చేసేలోపు హాట్‌స్పాట్ పోయింది. పొద్దున చేద్దాంలే అనుకున్నా. పొద్దున నాయినకు శెనక్కాయ చేన్లోకి సద్ది తీసుకుపోయినా, మర్చిపోయినా.

గిట్ అంటే 2005లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ కోసం తయారుచేసిన టూల్. ఏ లైన్ ఎవరు, ఎప్పుడు మార్చారో దాచిపెడుతుంది. ఎందుకు మార్చారో మాత్రం మనం రాస్తేనే. మనం అసలు పెట్టనిది దానికెట్లా తెలుస్తుంది?

ఆగస్టు 3న రిలీజ్. చేసింది టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి. ధర్మవరంలో వాళ్లింటి నుంచే పని చేసేది. కాల్‌లో వెనక మగ్గం చప్పుడు వినపడేది. అన్నీ పద్ధతిగానే చేసింది. గిట్‌లోంచి కోడ్ తీసుకుంది, బార్ కట్టింది, సర్వర్ ఎక్కించింది. గిట్‌లో నా లైన్ లేదు. పాత లైనే మళ్లీ ఎక్కింది. 4 నుంచి మళ్లీ తప్పు తేదీలు, మళ్లీ చప్పుడు లేకుండా. పాలసీ తీసుకోకముందే నష్టం జరిగినట్టు లెక్కై కొన్ని క్లెయిములు తిరస్కారంలోకి పోయాయి. ఒక్క 8వ తేదీవి మాత్రం బాగున్నాయి. 08/08ని ఎటు నుంచి చదివినా ఒకటే.

13న పేలింది. "మూడో తేదీ రిలీజ్ ఎవరిది?" అన్నాడు మేనేజర్. హిస్టరీలో ఆమె పేరే ఉంది. "నాదే సార్. కానీ ఆ ఫైల్ నేను ముట్టుకోలేదు సార్" అంది. ఎవరూ నమ్మలేదు. పది నిమిషాలు తిట్లు తినింది. నేను మ్యూట్‌లో ఉన్నా. నెట్ సరిగ్గా లేదనే సాకు కూడా రెడీగా పెట్టుకున్నా. సాయంత్రం మెసేజ్ పెట్టింది: "అన్నా, నేనెక్కడ తప్పు చేసినానో ఒకసారి చూస్తారా?"

జవాబివ్వలేదు. మిద్దె మీదే పడుకున్నా, నిద్ర పట్టలేదు.

మా బోరు నాయినకూ ఇద్దరు చిన్నాయనలకూ ఉమ్మడిది. గేట్ వాల్వ్ ఎవరు తిప్పినా స్టార్టర్ డబ్బా తలుపు మీద సుద్దముక్కతో పేరూ టైమూ రాయాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడే జిల్లా మాది, అదీ నమ్మకం లేదు. నీళ్ల వంతు అంటే ఆషామాషీ కాదు. ఒకసారి చిన్నాయన రాయకుండా వాల్వ్ తిప్పి పోయినాడు. తెలియక మోటారు వేసిన పిల్లోడికి పడినాయి దెబ్బలు. ఆ పిల్లోణ్ని నేనే.

14 పొద్దున కాల్‌లో చెప్పేశా. మేనేజర్ తిట్టాడు గానీ, ఆమెకు పడినన్ని పడలేదు నాకు. సీనియర్లకు ఆ డిస్కౌంట్ ఉంటుంది.

తర్వాత రెండు నెలలు కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ పని మీదే కూర్చున్నాం. ముందు ల్యాప్‌టాప్ నుంచి ప్రొడక్షన్‌కు ఉన్న దారి మూసేశాం. గిట్‌లో పుష్ చేస్తే జెన్‌కిన్సే బార్ కడుతుంది, టెస్ట్ సర్వర్ ఎక్కించి నమూనా మెసేజ్‌లు పంపి చూస్తుంది. తేడా వస్తే అక్కడే ఎర్రగా ఆగిపోతుంది. అర్ధరాత్రి అర్జెంట్ ఫిక్సయినా అదే దారి.

వినడానికి తేలికే. కానీ సర్వీస్ బస్‌లో ఫ్లో అంటే బొమ్మ, డబ్బాలూ వాటి మధ్య గీతలూ. లోపల ఉండేది ఎక్స్‌ఎంఎల్. ఒక డబ్బాను అందం కోసం కాస్త పక్కకు జరిపినా దాని స్థానం ఫైల్లో మారుతుంది, గిట్ దాన్నీ మార్పుగానే చూపిస్తుంది. ఇద్దరు ఒకే ఫ్లో మీద పనిచేస్తే ఇక మెర్జ్ చేయడం నరకం. అందుకే పెద్ద ఫ్లోలను చిన్న సబ్‌ఫ్లోలుగా విడగొట్టాం. ఒకటి ఒకరి చేతిలోనే ఉండాలన్నాం. క్యూ పేర్ల లాంటివి టెస్ట్‌లో వేరు, ప్రొడక్షన్‌లో వేరు. వాటిని విడిగా ప్రాపర్టీస్ ఫైళ్లలో రాసి, కట్టిన బార్ మీద ఓవర్‌రైడ్ చేస్తాం. టెస్ట్ పాసైన కోడే ప్రొడక్షన్‌కు పోవాలి, మళ్లీ కొత్తగా కట్టకూడదు. పాస్‌వర్డ్‌లు గిట్ దరిదాపుల్లోకి రానివ్వం.

ఆగస్టు 14 నాటి నా కమిట్ హిస్టరీలో అట్లే ఉంది. ఒక్క లైన్ మార్పు. మెసేజ్‌లో రాసుకున్నా: జులై 13న సర్వర్ మీద నేను చేసిన మార్పు ఇది, అప్పుడు గిట్‌లో పెట్టలేదు.

దానికి టెస్ట్ కూడా నేనే రాశా. రివ్యూ ఆమెకు వెళ్లింది. గంటలో వెనక్కి పంపింది. నేను నమూనా తేదీగా 08/08 పెట్టా.

"అన్నా, ఇది ఎట్లయినా పాసయితుంది" అని రాసింది కింద.