భర్మారుకి డ్రాయింగ్ లేదు

త్రీనాట్‌త్రీ మోడల్ రెండు వారాంతాల్లో అయిపోయింది. లీ-ఎన్‌ఫీల్డ్ అంటే ఇంగ్లండ్‌లో, ఆస్ట్రేలియాలోని లిత్‌గోలో, మన ఈశాపూర్‌లో ఫ్యాక్టరీల్లో తయారైన రైఫిల్. ప్రతి స్క్రూకీ కొలత ఉంది, ఏ కోణం కావాలన్నా మ్యూజియం ఫోటో ఉంది. బ్లెండర్‌లో వాటి మీద గీసుకుంటూ పోవడమే.

భర్మారు దగ్గర ఆగిపోయాను.

మేం నలుగురం కలిసి చేస్తున్న మోడ్ తెలంగాణ సాయుధ పోరాటం మీద. 1948 సెప్టెంబర్‌లో యూనియన్ సైన్యం దిగాక దళాలు గోదావరి అడవుల్లోకి తరలిన కాలం. అప్పటికి ఏటికి ఇటు పాల్వంచ నిజాం రాజ్యం, అటు భద్రాచలం మద్రాసు కింద. దళాల చేతుల్లో వడిసెలలు, కర్రలు, ఆ తర్వాత భర్మార్లు. మూతిలోంచి మందు కూరి పేల్చే నాటు తుపాకి అది. ఏ కమ్మరి చేస్తే ఆ కమ్మరి కొలత. ఖమ్మంలో పుట్టి పెరిగిన నాకు దాని గొట్టం ఎంత పొడుగో తెలీదు. సైన్యం తుపాకికి డ్రాయింగులున్నాయి, రైతు తుపాకికి లేవు.

ఒక ఫ్రెండ్ వెంట భద్రాచలం దాటి చర్ల వైపు వెళ్ళాను. వాళ్ళకి తెలిసిన ఊళ్ళో ఒక పెద్దాయన, ఒకప్పుడు వేటకి భర్మారు పట్టినవాడట. ల్యాప్‌టాప్ తీసి సగం చేసిన మోడల్ చూపించాను.

"మూసెయ్ బిడ్డా," అన్నాడు.

నాకది చరిత్ర. అక్కడ అది ఇప్పటికీ కేసు. నువ్వెవరి మనిషివని ఇటు పోలీసులూ అటు అన్నలూ అడిగిన ఏళ్ళు చూసినవాడాయన. నాకు సిగ్గేసింది. సారీ తాతా అని ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టేశాను.

టీ తాగాక ఆయనే దడిలోంచి ఒక కర్ర లాగాడు. నిలబెట్టి, లేని మందు పోశాడు. పీచు పెట్టాడు. లేని చువ్వతో దట్టించాడు. గుళ్ళు వేశాడు, మళ్ళీ పీచు, మళ్ళీ చువ్వ. చివర్న టోపీ. ఒక్క మాట మాట్లాడలేదు. వీడియో తియ్యడానికి నాకు ధైర్యం చాల్లేదు, మనసులో లెక్కపెట్టుకున్నాను. నలభై సెకన్లు.

హైదరాబాద్ వచ్చి యానిమేషన్ అలాగే చేశాను. టెస్ట్ చేసినవాళ్ళు బగ్ అనుకున్నారు. "ఎనిమిది సెకన్లకి తగ్గించు బ్రో, ఎవడూ ఆడడు." కోడ్‌లో ఒక్క అంకె మారిస్తే సరిపోతుంది. కానీ త్రీనాట్‌త్రీ మ్యాగజైన్‌లో పది తూటాలు. శిక్షణ ఉన్న సిపాయి నిమిషానికి పదిహేను గురిచూసి కాల్చగలడు. అంటే భర్మారువాడు ఒకసారి నింపుకునేలోపు అవతలివాడి మ్యాగజైన్ ఖాళీ. ఆ నలభై సెకన్లు చెట్టు వెనక కూర్చోకపోతే ఆ మనుషుల గురించి ఈ ఆట ఏం చెప్పినట్టు? బ్యాలెన్స్ కోసం ఎనిమిది చేస్తే, అసలు లేని సమానత్వాన్ని నేనే కల్పించినట్టు.

నలభై అలాగే ఉంచాను. ఎక్కువమంది ఆడలేదు.

క్రెడిట్స్‌లో ఆయన పేరు లేదు, ఊరి పేరూ లేదు. యానిమేషన్‌లో మాత్రం ఒకచోట చెయ్యి కాసేపు ఆగుతుంది. ఆరోజు రోడ్డు మీద ఏదో బండి చప్పుడైతే ఆయన కర్ర దించి అటు చూశాడు. అది తియ్యలేదు.