గాలి నింపిన రబ్బరు

పొందూరు పేరు చెప్పగానే ఎవరికైనా స్ఫురించేది సన్నఖద్దరు. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, రాట్నం మీద నూరవ నంబరు నూలు తీసే నేర్పు మా ఊరిది. ఆ తెల్లని కీర్తికి నేను కొత్తగా చేర్చగలిగినది ఏమీ లేదు. నాకు తెలిసిన వస్తువు నల్లనిది. మా నాన్నగారిది సైకిళ్ల మరమ్మతు దుకాణం. నా బాల్యమంతా రబ్బరు ట్యూబుల మధ్యనే గడిచినది.

గాలి టైరుకు రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండు దేశీయుడు 1845లోనే పేటెంటు పొందినా, అది మరుగున పడిపోయినది. 1887లో డన్‌లప్ అనే పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రాల బండికి గాలి గొట్టాలు అమర్చి, మరుసటి యేట పేటెంటు తీసుకున్న తరువాతనే అది లోకమంతా వ్యాపించినది. ఇవన్నీ నేను తరువాత పుస్తకాలలో చదివిన సంగతులు. దుకాణంలో నేర్చుకున్న మొదటి పాఠం వేరు. "నీట్లో ముంచి సూడకుండా ఏ ట్యూబుకీ డబ్బులివ్వకురా" అనేవారు నాన్నగారు. పాత ట్యూబుకు గాలి కొట్టి, నీటి తొట్టిలో కొంచెం కొంచెంగా తిప్పుతూ, ప్రతి భాగాన్నీ కాసేపు నీటి అడుగున ఆపి చూసేవారు. ఒంటి మీద బుడగ లేస్తే గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది ఆరిన తరువాత అతుకు వేయవచ్చును. వాల్వు మొదట్లో బుడగ లేస్తే మాత్రం ఆ ట్యూబును పక్కన పడవేయవలసినదే. మడిచి చూచినప్పుడు సన్నని పగుళ్లు కనిపించినా, కిరసనాయిలు తగిలి ఉబ్బినా దానికీ అదే గతి.

రబ్బరులో రెండు జాతులు కలవు. చెట్టుపాలతో చేసిన సహజ రబ్బరు మెత్తగా ఉండి బాగా సాగుతుంది. అతుకు చక్కగా పట్టుతుంది. సైకిలు క్యారియరు మీద బియ్యపు బస్తా బిగించుటకు, కారుతున్న గొట్టానికి చుట్టుటకు దానిని కోసిన పట్టీలే మేలు. 1937లో అమెరికాలో రూపొందిన బ్యుటైల్ అనే కృత్రిమ రబ్బరు గాలిని అంతకంటె ఎన్నో రెట్లు ఎక్కువకాలం నిలుపుతుంది. నీటి మీదకు అదే తగినది. పట్టీ లాగి కట్టేటప్పుడు ముఖం దానికి ఎదురుగా ఉంచరాదు. కొక్కెం జారితే కన్ను పోతుంది. ఇక భోగిమంటలో పాత ట్యూబులు వేసే అలవాటును ఎవరు మొదలుపెట్టారో గాని, ఆ విషపు పొగ పీల్చేది చుట్టూ నిలబడిన పసిపిల్లలే.

వేసవిలో నాన్నగారు లారీ ట్యూబులను ఈతకు అద్దెకు ఇచ్చేవారు. ఒక యేడు మా పక్క వీధి పిల్లవాడు ఒకడు, తొమ్మిదేళ్లవాడు, మరొక చోట తెచ్చిన ట్యూబుతో చెరువులో దిగినాడు. నడుమనున్న రంధ్రం వాడి ఒంటికంటె పెద్దది. గట్టు మీది స్నేహితులను పిలుస్తూ రెండు చేతులూ పైకెత్తినాడట, అంతే, లోపలినుంచి జారిపోయినాడు. పెద్దలు వచ్చేసరికి ట్యూబు ఒక్కటే తేలుతున్నది. ఆ సాయంత్రం దానిని ఎవరో మా దుకాణానికి తెచ్చినారు. నాన్నగారు మాట్లాడకుండా తొట్టిలో ముంచి తిప్పినారు. ఒక్క బుడగ కూడా రాలేదు.

మరునాటినుంచి ఆయన ప్రతి ట్యూబు రంధ్రానికీ అడ్డంగా తాడుతో వల అల్లినారు. వాల్వు ఇనుప కాడకు గుడ్డ చుట్టినారు. పొడవైన తాడు ఒకటి కట్టి, దాని కొస పట్టుకొనే పెద్దవారు వెంట లేనిదే అద్దెకు ఇవ్వలేదు. ఆ వేసవి ఆదాయం సగానికి పడిపోయినది. ఇంటిలో అమ్మ గొణిగినది కూడా. ఆయన వినలేదు.

విహారయాత్రకు కళింగపట్నం వంటి తీరానికి పోయే మన కళాశాల మిత్రులకు ఒక్క మాట. ట్యూబుకు తెడ్డు లేదు, చుక్కాని లేదు. ఒడ్డునుంచి సముద్రంలోకి వీచే గాలి దానిని ఎంత దూరమైనా నెట్టుకుపోగలదు. నాగావళి సంగతి అంతకంటె కఠినమైనది. ఆ నది ఒడిశా కొండలలో పుట్టినది; ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండగానే అక్కడి వాన వరదై దిగవచ్చును. 100 లీటర్ల గాలి పట్టే ట్యూబు దాదాపు 100 కిలోల బరువును తేల్చగలదు, నిజమే. కాని ఒక అంచు మీదికి ఎక్కబోయినవానిని తలక్రిందులు చేయుటకు దానికి ఒక్క క్షణం చాలును. యాత్రకు అనుమతి ఇచ్చే కమిటీ పెద్దలు బస్సుతోపాటు ఒక పొడవైన మోకు, ఈత వచ్చిన ఇద్దరు పెద్దలూ ఉన్నారా అని అడిగితే బాగుండును. ఎండలో నల్లని రబ్బరు వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. కనుక చేతిపంపుతో ముడతలు పోయేంతవరకే కొట్టవలెను. టైరు కవచం లేని ట్యూబు అంతకుమించిన ఒత్తిడిని భరించదు.

ఇదంతా వేడుకకు వెళ్లేవారి సంగతి. మా మేనమామకు అదే ట్యూబు జీవనాధారం. తెలంగాణా జలాశయాలలో ఎందరో మత్స్యకారులు చేసినట్లే, ఆయన కూడా లారీ ట్యూబు మీద కూర్చొని, కాళ్లు నీటిలో వ్రేలాడవేసి, చేతులతో తెడ్డు వేసుకుంటూ చెరువులో వల పరుస్తాడు. జెల్ల చేప ముల్లు, అడుగునున్న సర్కారు తుమ్మ కంప ఆయనకు నిత్య శత్రువులు. ట్యూబుకు గోనె చుట్టి, నడుముకు మరొక చిన్న ట్యూబు కట్టుకొని గాని దిగడు. ఇప్పుడు ఆయన చిక్కు వేరు. కొత్త లారీలకు ట్యూబులేని టైర్లు వచ్చినవి. మంచి పాత ట్యూబు దొరకుట గగనమైనది.

మొన్న సెలవులకు వెళ్లినప్పుడు ఆయన ఎక్కడినుంచో ట్రాక్టరు ట్యూబు ఒకటి సంపాదించి తెచ్చినాడు. నాన్నగారు ముంచి చూచినారు. వాల్వు మొదట్లో బుడగలు వరుసగా లేచినవి.

"ఈ వారానికి సాలదేటి బావా?" అన్నాడు మామయ్య.

నాన్నగారు గాలి తీసివేసి, ట్యూబును పట్టీలుగా కోయుటకు కత్తెర తెమ్మన్నారు. ఆ వారమంతా మామయ్య గట్టు మీదినుంచే గాలం వేసినాడు.