అతుకులో జిగురు

మేము ఎం.ఏ. చదువుటకు బయలుదేరిన యేడు మా తండ్రిగారు మాకొక టేకు వ్రాతబల్ల చేసి ఇచ్చినారు. ఆయన వడ్రంగి. మన దేశంలో 1959లోనే ఫెవికాల్ వచ్చినా ఆయన కడవరకు పాత జిగురునే వాడినారు. పశువుల తోళ్ళు, ఎముకలు ఉడికించి తీసిన ఆ జిగురు పలుకులను రాత్రి నానవేసి, మరునాడు నేరుగా నిప్పు తగలకుండా వేడినీటి గిన్నెలో మరొక గిన్నె నిలిపి కరిగించేవారు. ఆయన దానిని ‘సరేష్’ అనేవారు; ఆయనతో కలిసి పనిచేసిన ఆచారిగారు ‘వజ్రం’ అనేవారు. వాసన మాత్రం రెండు భాషలలోనూ ఒక్కటే.

ఆయన పోయిన తరువాత ఒక వానాకాలంలో చెమ్మకు ఆ బల్ల ముందరి ఎడమకాలు కదలసాగినది. అడ్డపట్టె కుసి బెజ్జంలో వదులైనది. వడ్రంగి కుమారులము గదా, మరొకరిని పిలువనేల అనుకొన్నాము. తెల్ల జిగురు డబ్బా తెచ్చి కుసికి దట్టంగా పూసి, బెజ్జంలోనూ నింపి, కొయ్యసుత్తితో కొట్టినాము. జిగురు ఎంత ఎక్కువైతే అతుకు అంత గట్టిదని మా తర్కం. నాలుగువైపులా అది పొంగి కాలిమీద కారినది. తడిగుడ్డతో తుడిచి, ఆరిన తరువాత రంగు, లక్కపాలిషు వేసినాము. తుడిచిన మేరకు రంగు పట్టక పాలిన మచ్చలు తేలినవి. రెండు నెలలకే కాలు మరల కదిలినది.

ఆచారిగారు వచ్చి చూచి, “బాబూ, కుసికి పాయసం పోశావేమిటి?” అన్నారు. మేము తలవంచుకొన్నాము.

ఆయన అతుకు విప్పి చూపినారు. పాత సరేష్ పొరను గోరువెచ్చని నీటితో కడిగి తీయకుండా దానిమీదనే పూసినందున కొత్త జిగురు కొయ్యను అంటనే లేదు. ఇక కుసికి దట్టంగా పూసినది లోనికి పోదు. బెజ్జం అంచు దానిని గీకి బయటనే కుప్పవేస్తుంది. అందుచేత బెజ్జపు గోడలకే పలుచగా పూసి, కుసికి చేయి తగిలించినట్లు రాయవలెనట. బెజ్జం అడుగున జిగురు నిలువరాదు. దిగే కుసి పిచికారీ కాడవలె దానిని నొక్కుతుంది. దారి లేకపోతే కొయ్య పగులవచ్చు కూడా. కనుక కుసిని బెజ్జం లోతుకన్న ఒక నూలు తక్కువగా కోసి, బెజ్జం నోటి అంచును ఉలితో కొంచెం వాలుగా చెక్కితే మిగులు జిగురు అక్కడనే దాగుతుంది.

“అయితే బొత్తిగా బయటికి రాకుండా చేయవచ్చునా?” అని అడిగినాము.

“అసలు రాకపోతే లోపల చాలలేదేమోనని భయపడాలి బాబూ. అతుకు వెంట ఆవగింజలవలె చిన్న చుక్కలు లేస్తే కొలత సరిపోయినట్లు,” అన్నారు. ఆ చుక్కలనూ తడిగా ఉండగా తుడువరాదు. తుడిస్తే పలుచనై కొయ్య రంధ్రాలలో ఇంకి, మీద రంగును పట్టనీయదు. మా మచ్చల రహస్యమదే. అరగంటయో, ఇంకొంచెమో ఆగి, అది తోలువలె ముదిరినప్పుడు ఉలి అంచుతో లేపవలె. మా తండ్రిగారు అతుకు చోటు వదలి మిగిలిన కొయ్యకు ముందే పాలిషు వేసేవారట; కారిన జిగురు దానిని అంటక పెచ్చుగా ఊడివచ్చేది. ఇప్పటివారు మాస్కింగ్ టేపు అంటించి అదే పని చేస్తున్నారు.

ఆచారిగారు పాత పూతలన్నీ గీకి, వేడినీటి గిన్నెలో సరేష్ కరిగించి, కాలు నిలిపినారు. మచ్చల మాట ఎత్తితే, “ఉప్పుకాగితంతో రుద్దితే పోవును గాని, మీ నాయన చిత్రిక పట్టిన తీరూ పోతుంది. ఏం చేయమంటావు?” అన్నారు.

మేము వద్దన్నాము. ఈ వ్యాసం ఆ బల్లమీదనే వ్రాస్తున్నాము. మచ్చ మా ఎడమ మోకాలికి ఎదురుగా ఉన్నది.