బాపు పిడికిలి కొలత

క్యాంపింగ్ అంటే ఎవరి సరంజామా వాళ్లది. మా బ్యాచ్‌లో ఒకడు గిటార్ తెచ్చాడు, ఇంకొకడు బ్లూటూత్ స్పీకర్ తెచ్చాడు. నేనేమో ఒక ఊలు ఉండ, ఐదు వెదురు సూదులు పట్టుకెళ్లా.

వెళ్లింది హిమాచల్‌లోని తీర్థన్ నది ఒడ్డుకి. 2014లో యునెస్కో గుర్తింపు పొందిన గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు కొండల్లోంచి దిగొచ్చే నది అది. నాలుగు రోజులు టెంట్లలో ఉన్నాం. ట్రెక్కులు, టైమ్‌టేబుళ్లు ఏవీ పెట్టుకోలేదు. టీ తాగడం, నీళ్లలో కాళ్లు పెట్టి ‘అమ్మో’ అని తీసేయడం, మళ్లీ టీ తాగడం. ఆ ఖాళీలో నేను సాక్సు అల్లుతూ కూర్చున్నా. ‘ఏరా బామ్మా, ఎంతవరకొచ్చింది?’ అని రోజంతా ఒకటే ఏడిపించారు.

ఆ సాక్సు మా బాపు కోసం.

ఆదిలాబాద్ చలి సంగతి తెలిసిందే కదా. డిసెంబరు, జనవరిల్లో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకి పడిపోతుంటుంది. బాపుకి ఏళ్లుగా షుగరు. పాదాల్లో స్పర్శ బాగా తగ్గిపోయింది. అలాంటివాళ్లు చలిమంట దగ్గర కాళ్లు చాపినా, వేడినీళ్ల బ్యాగు పెట్టుకున్నా చర్మం కాలిన సంగతే తెలియదట. అందుకే ఆ రెండూ మానేసి రాత్రిపూట సాక్సులు వేసుకోమన్నారు డాక్టరు. వాటికీ షరతులున్నాయి. పైన రబ్బరు బిగుతుగా ఉండొద్దు. వేళ్ల దగ్గర గట్టి కుట్టు ఒరుసుకోవద్దు. రంగు లేతగా ఉండాలి. చిన్న పుండు పడినా సాక్సు మీద మరక కనిపించాలి మరి! మా ఊరి షాపుల్లో ఒకటి కుదిరితే ఇంకోటి కుదర్లేదు. అప్పుడే యూట్యూబ్ చూస్తూ సూదులు పట్టా.

లెక్క సింపులే. 48 కుట్లు ఎక్కించి నాలుగు సూదులకు 12 చొప్పున పంచాలి. ఐదో సూదితో గుండ్రంగా అల్లుకుంటూ పోవాలి. పైపట్టీ రెండు సీదా, రెండు ఉల్టా. రబ్బరు లేకుండానే సాగుతుంది, కాలిని కోయదు. అసలు పరీక్ష మడమ దగ్గర. సగం కుట్లు పక్కన ఆపేసి, మిగతా 24 మీదే అటూ ఇటూ అల్లాలి. వీడియోలో అర్థమైనట్టే ఉండేది, చేతిలోకొచ్చేసరికి మాయమయ్యేది.

టెంట్లు అద్దెకిచ్చినాయన వాళ్లమ్మ నా అవస్థ చూసి పక్కన కూర్చుంది. కులూ ఆడవాళ్ల చేతి సాక్సులకి పెద్ద పేరు. ఆమె నా సూదులు తీసుకుని రెండు వరసలు అల్లి తిరిగిచ్చింది. మలుపు అర్థమైంది. ‘పాదం ఎంత?’ అని హిందీలో అడిగింది. బాపుని అడిగితే విషయం తెలిసిపోతుంది, ‘నాకెందుకురా ఇవన్నీ’ అంటాడు. ఆ మాటే చెప్పా. ఆమె నవ్వి, పిడికిలి బిగించి దాని చుట్టూ సాక్సు చుట్టి చూపించింది. పిడికిలి చుట్టుకొలత దాదాపు పాదం పొడవంత ఉంటుందట. చిన్నప్పుడు షాపాయన మన పిడికిలికి సాక్సు చుట్టి చూసేది ఇందుకేనన్నమాట! ఆ రాత్రి మంట దగ్గర అందరం దారంతో కొలుచుకున్నాం.

పొద్దున్నే సిగ్నల్ దొరికే చోటికి ఎక్కి ఫోన్ చేశా. ‘బాపూ, పిడికిలి చుట్టూ దారం చుట్టి కొలిచి చెప్పవా?’

‘ఏందిరా, కడెం గిట్ట చేపిస్తున్నవా?’ అన్నాడు. తర్వాత కొలిచి చెప్పాడు, పది అంగుళాలు.

ఊరికి దూరంగా ఉండే నాలాంటోళ్లం ఫోన్‌లో షుగర్ ఎంతుందో అడిగి, ‘జాగ్రత్త’ అని పెట్టేస్తుంటాం. సాక్సు షుగరు తగ్గించదు, పోయిన స్పర్శని తిరిగి తేదు. కానీ అల్లేటప్పుడు ఏ కుట్టు బిగిసినా, ఎక్కడ ముడి లేచినా నా వేలికి తగులుతుంది. ఆయన పాదానికి తెలియనిది నా వేలు ముందే తడిమి చూస్తుంది.

ఒక సాక్సు తీర్థన్ ఒడ్డునే పూర్తయింది, రెండోది హైదరాబాద్‌లో. ఇప్పుడు అమ్మ రోజూ పొద్దున్నే వాటిని ఉల్టా తిప్పి వెలుతుర్లో చూస్తుంది, ఆ తర్వాత బాపు పాదాలు చూస్తుంది. ఇంతవరకు ఒక్క మరక లేదు. ఇంకో జత మొదలుపెట్టా. ఇవి ఉతికి ఆరేసిన రాత్రి ఆయన కాళ్లు ఖాళీగా ఉండకూడదు కదా!